ఖాళీ గడిలో సున్నా

పట్టికల బాబాయి చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇదంతా విన్నాక మీలో సగం మందికి అతన్ని నాలుగు తిట్టాలనిపిస్తుంది. తిట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే అతను తనని తాను తిట్టుకున్నంతగా మీరెవరూ తిట్టలేరు.

థర్మామీటర్లు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో అతను లెక్కల గుమస్తా. యాభై మూడేళ్ళు, బట్టతల, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. ఏ విషయమైనా నాలుగు గీతలు నిలువుగా, నాలుగు అడ్డంగా గీసి గళ్ళలో పెడితే తప్ప అతనికి బుర్రకెక్కదు. ఇంట్లో పాలు ఎన్నిసార్లు పొంగిపోయాయో దానికో పట్టిక. గొడుగు ఎవరు పట్టుకెళ్ళారో, ఎప్పుడు తెచ్చారో దానికో పట్టిక. పెళ్ళయిన కొత్తలో భార్య అలిగిన రోజులకి కూడా ఒక పట్టిక గీశాడు. అది ఆవిడ కంట పడ్డాక ఆ నెలకి గళ్ళు చాలలేదు. అలా పట్టికల బాబాయి అయ్యాడు. అసలు పేరు ఏమిటో హాజరు పుస్తకానికి తెలుసు.

అతనికున్న జబ్బల్లా ఒక్కటే, గడి ఖాళీగా ఉంటే చూడలేడు. కొంతమందికి గోడ మీద పటం వంకరగా ఉంటే చెయ్యి ఊరుకోదు చూడండి, ఇతనికి ఖాళీ గడి అలాంటిది. ఏదో ఒకటి రాసేదాకా మనసు మనసులో ఉండదు.

కార్ఖానా అంటే ఒక పొడుగాటి హాలు. కిటికీల వెంబడి ఏడు బల్లలు. ఒక్కో బల్ల దగ్గర ఒక మనిషి, ఒక మంచు తొట్టి, ఒక వేడినీళ్ళ తొట్టి. కింద బుడ్డి ఊది, ఎర్రటి ద్రవం నింపి, కొస మూసిన గాజు గొట్టాలు ఈ బల్లల దగ్గరికి వస్తాయి. వాటిని ముందు దంచిన మంచులో ముంచి, ఎర్రగీత కిందికి దిగి దిగి ఇక దిగనని ఆగిన చోట సన్నటి సిరాగీత పెట్టాలి. అదే సున్నా. ఆ గీత వెంట్రుకంత పక్కకి పోయినా మిగతా గీతలన్నీ దాని వెనకే తప్పుతాయి.

ఈ సున్నా పెట్టడం అందరికీ చెయ్యి పట్టి నేర్పిన మనిషి ఐసక్క. పొద్దున్నే వచ్చే మంచు దిమ్మల్ని గోనెసంచిలో వేసి దంచి ఏడు తొట్లకీ ఆవిడే పంచుతుంది, అందుకే ఆ పేరు. ఐదో బల్ల ఆవిడది. ఇరవయ్యారేళ్ళుగా అదే బల్ల. ఎవరైనా గీత పెట్టి, సరిగ్గా వచ్చిందా లేదా అని అనుమానం వస్తే ఆవిడ దగ్గరికే పరుగు. ఆవిడ మాత్రం ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు.

బాబాయి పనిలో చేరిన మొదటిరోజు హాలంతా తిప్పి చూపించింది ఆవిడే. మంచు తొట్టిలోంచి ఒక గొట్టం తీసి, సిరాగీత చూపిస్తూ అంది.

“ఇది సున్నా. సున్నా అంటే ఏమీ లేదనుకునేవు తమ్ముడూ. ఇదీ ఒక చోటే. దీని కింద కూడా బోలెడు చలి ఉంది. మనం ఇక్కణ్ణుంచి లెక్క మొదలెట్టాం, అంతే.”

“అర్థమైందక్కా,” అన్నాడు ఇరవయ్యొమ్మిదేళ్ళ గుమస్తా. అర్థమైందనే అనుకున్నాడు.

కిందటేడు కొత్త మేనేజరు వచ్చాడు. కుర్రాడు, ఉత్సాహవంతుడు, ఏదైనా నిమిషంలో తేలిపోవాలి. గీతలు పెట్టే యంత్రం ఒకటి కొన్నారు. అది పెట్టడానికి ఒక బల్ల తీసెయ్యాలి, ఆ బల్ల మనిషిని వెనక ప్యాకింగ్ షెడ్డుకి పంపాలి. ఎవర్ని పంపాలన్నది ప్రశ్న.

“బాబాయ్ గారూ,” అన్నాడు మేనేజరు, “మీ పది రిజిస్టర్లు చదివే ఓపిక నాకు లేదు. ఒక్కొక్కరికి ఒక్క అంకె ఇవ్వండి. ఎక్కువొస్తే మంచి పనివాడు, తక్కువొస్తే కాదు. అందరికంటే అడుగున ఉన్నవాళ్ళు షెడ్డుకి వెళతారు. గొడవ ఉండదు.”

ఇరవై నాలుగేళ్ళలో తన పట్టికని ఒకరు అడగడం అదే మొదటిసారి. బాబాయి పొంగిపోయాడు. దాచిపెట్టడం దేనికి, బాగా పొంగిపోయాడు.

దీనికి పనికొచ్చే రిజిస్టర్లు రెండున్నాయి. ప్రతినెలా చెకింగ్ మాస్టారు ఒక్కో బల్ల నుంచి రెండు వందల థర్మామీటర్లు తీసి, పనికిరానివి ఎన్నో లెక్కపెట్టి ఒకదాంట్లో రాస్తాడు. దాని నిండా నీటి మరకలు, కొట్టివేతలు. రెండోదాంట్లో ఆ నెల ఎవరు ఒకటో స్థానం, ఎవరు రెండు, ఎవరు ఏడు అన్నది ఎర్రసిరాతో ముత్యాల్లాంటి అంకెల్లో ఉంటుంది. బాబాయి ముత్యాల వైపు మొగ్గాడు.

ఒకటో స్థానానికి ఏడు మార్కులు, రెండుకి ఆరు, అలా ఏడో స్థానానికి ఒకటి వేశాడు. పన్నెండు నెలల మార్కులు కూడి పన్నెండుతో భాగించడమే తరువాయి. ఐసక్క వరుస దగ్గరికి వచ్చేసరికి రెండు గళ్ళు ఖాళీగా కనిపించాయి. కంటిలో శుక్లానికి ఆపరేషను చేయించుకుని ఆవిడ రెండు నెలలు సెలవులో ఉంది.

పెన్సిలు చెవి మీంచి తీశాడు. మళ్ళీ చెవి మీద పెట్టాడు. రెండు గళ్ళూ అతన్నే చూస్తున్నాయి. ఆ నెలల్లో ఆవిడ పని చెయ్యలేదు కాబట్టి మార్కులూ లేవు, లేవు కాబట్టి సున్నా. అలా సర్దిచెప్పుకుని రెండు గళ్ళలోనూ గుండ్రంగా, అందంగా రెండు సున్నాలు పెట్టాడు. మొత్తం ముప్పై తొమ్మిది వచ్చింది. పన్నెండుతో భాగిస్తే 3.25. అందరికంటే అడుగు.

అక్కడ అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఐసక్క అడుగునా, ఇదేమిటి అనిపించింది. అనిపించింది కానీ లెక్క మళ్ళీ చేస్తే మళ్ళీ అదే వచ్చింది. కూడిక తప్పులేదు, భాగహారం తప్పులేదు. పట్టిక నిండుగా, చూడముచ్చటగా ఉంది. తీసుకెళ్ళి ఇచ్చేశాడు.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఏడు అంకెలూ అంటించారు. రెండు దశాంశాల దాకా ఉన్న అంకెతో ఎవడు వాదిస్తాడు? అందరికంటే పైన ఒకటో బల్ల కుర్రాడు, వేగానికి అందరూ మెరుపు అని పిలుస్తారు, అతనికి 6.00. అడుగు నుంచి రెండోవాడు ఆరో బల్ల రేడియో, నోరు మూతపడదు కాబట్టి రేడియో, అతనికి 3.50. అందరికంటే కింద ఐసక్క. ఆవిడ బోర్డు ముందు కాసేపు నిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. ఆ మధ్యాహ్నమే తన సిరాపుల్లలు, భూతద్దం బల్ల మీద వదిలేసి షెడ్డుకి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా బాబాయికి అద్దాల గది ఒకటి ఇచ్చారు. తలుపు మీద ‘రికార్డుల ఇన్‌చార్జి’ అని రాయించారు. యంత్రం రావడం ఆలస్యమై ఐదో బల్ల నాలుగు నెలలు అలా ఉత్తిగానే ఉండిపోయింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

బాబాయి భార్యకి నలభయ్యేడేళ్ళ వయసులో చదువుకోవాలని బుద్ధి పుట్టింది. ఇంటి దగ్గరుండి చదివే డిగ్రీలో చేరింది. గణాంకశాస్త్రం మొదటి పాఠం. ఒక ఆదివారం ఉదయం వంటింట్లో బాబాయి ఉల్లిపాయలు తరుగుతున్నాడు, ఆవిడ పీట మీద కూర్చుని పుస్తకం చదువుతోంది.

“ఏవండీ, కొలమానాలు నాలుగు రకాలట. మీకు తెలుసా?”

“పొద్దస్తమానం కొలతల మధ్య బతికేవాణ్ణి, నన్నడుగుతున్నావా? కానియ్యి.”

“మొదటిది నామమాత్రపు కొలమానం. అంకె ఉంటుందిగానీ అది పేరుకేనట.”

“మా బల్లల నంబర్లు,” అన్నాడు కత్తి ఆపకుండా. “ఏడో బల్ల మూడో బల్ల కంటే గొప్పేం కాదు. కిటికీ పక్కన ఉంది, అంతే.”

“భలే చెప్పారే! రెండోది కాస్త పొడుగ్గా ఉంది, తర్వాత చూద్దాం. మూడోది అంతర కొలమానం. ఇక్కడ మీ థర్మామీటరు బొమ్మే వేశారు.”

బాబాయికి హుషారొచ్చింది. ఐసక్క మాటలే తన మాటలుగా వల్లించాడు. “పది నుంచి ఇరవైకి ఎంత తేడానో ఇరవై నుంచి ముప్పైకీ అంతే తేడా. కానీ ఇరవై డిగ్రీలంటే పదికి రెండింతల వేడి అనకూడదు. ఎందుకంటే అక్కడ సున్నా అంటే ఏమీ లేదని కాదు. అదీ ఒక చోటే.”

“అబ్బో! నాలుగోది నిష్పత్తి కొలమానం. ఇందులో సున్నా అంటే నిజంగానే ఏమీ లేదట.”

“పనికిరానివి ఎన్ని వచ్చాయన్న లెక్క. సున్నా అంటే ఒక్కటీ రాలేదని. పన్నెండంటే ఆరుకి రెండింతలే.”

“మీరే రాసేయండి నా పరీక్ష. ఇప్పుడు రెండోది చదువుతా. క్రమ కొలమానం. ఒకటోవాడు, రెండోవాడు అని వరుస చెబుతుంది.”

“మా నెలవారీ స్థానాలు!”

“అదే. ‘స్థానాలు వరుసను మాత్రమే చెబుతాయి. ఒక స్థానానికీ మరొక స్థానానికీ మధ్య ఎంత దూరం ఉన్నదో చెప్పవు. కనుక స్థానాలను కూడి సగటు తీసి తీర్పులు చెప్పడం తగదు.’ అంటే ఏమిటండీ ఇది?”

కత్తి ఆగింది.

“ఏవండీ?”

“ఏం లేదు. ఉల్లిపాయ ఘాటు,” అన్నాడు. కళ్ళు నిజంగానే నీళ్ళు పెట్టుకున్నాయి, కానీ అప్పుడు చేతిలో ఉన్న ఉల్లిపాయ ఇంకా పొట్టుతోనే ఉంది.

సోమవారం అందరికంటే ముందు కార్ఖానాకి వెళ్ళి నీటిమరకల రిజిస్టరు తెరిచాడు. తెరవకుండా ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఐసక్క పనిచేసిన పది నెలల్లో ఎక్కువగా నాలుగో స్థానమే. నాలుగో స్థానమంటే ఏమిటో ఇప్పుడు చూశాడు. రెండు వందల్లో ఒకటోవారికి పనికిరానివి మూడు, రెండోవారికి నాలుగు, మూడోవారికి ఐదు, ఐసక్కకి ఆరు. ఆ తర్వాత ఐదోవారికి పదకొండు, ఆరుకి పంతొమ్మిది, ఏడుకి ముప్పై. ఆవిడకీ ఒకటోవారికీ మధ్య మూడంటే మూడు గొట్టాల తేడా. ఆవిడకీ ఏడోవారికీ మధ్య ఇరవై నాలుగు. స్థానాల్లో చూస్తే మాత్రం అటు మూడు మెట్లు, ఇటు మూడు మెట్లు.

పైగా ఆవిడ ముందున్న ఆ ముగ్గురిలో మెరుపు తప్ప మిగతావాళ్ళు నెలనెలా మారిపోతున్నారు. ఈ నెల నాలుగుతో మెరిసినవాడు వచ్చే నెల ముప్పైతో బోర్లాపడుతున్నాడు. మెరుపైనా అంతే, పది నెలలు ఒకటో స్థానం, రెండు నెలలు చెయ్యి జారి ఒక్కో నెల ముప్పై తొమ్మిది పాడుచేశాడు. ఏడాది మొత్తానికి సగటున నెలకి తొమ్మిది. రేడియోకి పద్నాలుగు. మిగతావాళ్ళు తొమ్మిదికీ పద్నాలుగుకీ మధ్య. ఐసక్కకి? పది నెలలకి అరవై. నెలకి ఆరు. ఏడుగురిలో అందరికంటే మంచి పని ఆవిడది.

ఆ రెండు సున్నాలు లేకపోతే, స్థానాల లెక్కలోనైనా ముప్పై తొమ్మిదిని పదితో భాగిస్తే 3.90. రేడియోకి పైనే ఉండేది. అంటే ఆవిడ్ని షెడ్డుకి పంపింది ఆవిడ చేతులూ కాదు, కళ్ళూ కాదు. ఆవిడ అసలు హాల్లోనే లేని రెండు నెలలు. ఇంకా సూటిగా చెప్పాలంటే ఇతగాడి పెన్సిలు.

బాబాయి రిజిస్టరు మూసి, సొరుగులో పెట్టి, తాళం వేశాడు. తాళం వేశాక కూడా సొరుగు లాగి చూశాడు.

వెంటనే వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. కానీ ఇరవై నాలుగేళ్ళుగా ‘బాబాయి లెక్క తప్పడు’ అన్న మాట ఒక్కటే అతని ఆస్తి. అందం లేదు, మాటకారితనం లేదు, పాట రాదు. ఆ ఒక్కటీ పోతే తన దగ్గర ఏం మిగులుతుందని భయం. రేపు చెబుదాం, ముందు ఇంకోసారి సరిచూద్దాం అనుకున్నాడు. సరిచూడటానికి ఏమీ లేదని అతనికే తెలుసు. మంగళవారం టీకి వెళ్ళలేదు. టీ కొట్టుకి దారి ప్యాకింగ్ షెడ్డు పక్కనుంచే మరి.

బుధవారం షెడ్డులోంచే పిలుపు వచ్చింది.

“తమ్ముడూ! ఏమిటి, గది ఇచ్చాక మనుషుల్ని మర్చిపోయావా? ఇలా రా, నీతో పనుంది.”

కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాడు. ఐసక్క అట్టగొట్టాల గుట్ట పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, ఒక్కో థర్మామీటరుకి దూది చుట్టి గొట్టంలోకి తోస్తోంది. మనిషి తగ్గింది. నుదుటి మీదికి కళ్ళజోడు నెట్టేసుకుంది, ఇక దాంతో పనేముందన్నట్టు.

“ఈ కాగితం కాస్త చదివి పెట్టు. మా చెల్లెలి చేత రాయించాను. నా కళ్ళు కనిపించి చావట్లేదుగా.”

“కనిపించడం లేదని ఎవరన్నారక్కా?”

“ఎవరో అనడమెందుకు, నీ పట్టికే చెప్పిందిగా. ఆపరేషను చెడిపోయింది తమ్ముడూ. కట్టు విప్పిన రోజున అంతా బాగానే కనిపించిందనుకున్నాను. వచ్చి కూర్చున్నాక గీతలూ బాగానే పెడుతున్నాననుకున్నాను. అనుకోవడానికేముంది? అంకె వేస్తే అడుగున తేలాను. నీ లెక్క ఎప్పుడైనా తప్పిందా? ఇప్పుడు కూరలు కూడా నా చెల్లెలే తరుగుతోంది. రోడ్డు దాటాలన్నా దాని చెయ్యి పట్టుకునే.”

మాట్లాడుతూనే ఆవిడ చేతిలోని ఒక థర్మామీటరుని వెలుతురుకేసి ఎత్తి, పక్కనున్న డబ్బాలో పడేసింది. బాబాయి వంగి దాన్ని తీసి చూశాడు. బుడ్డి మెడ దగ్గర ఒక పగులు, ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప అతనికి కనపడలేదు.

“ఇది చూశావుగా అక్కా!”

“చూడటమేం, ఏదో చేతికి తగిలి ఉంటుంది,” అని కొట్టిపారేసింది. “ముందు అది చదువు.”

చదివాడు. ‘కంటిచూపు మందగించి, పని నాణ్యత తగ్గినందువల్ల, ఇరవయ్యారేళ్ళ ఉద్యోగం నుంచి నా ఇష్టప్రకారం తప్పుకుంటున్నాను.’ కింద సంతకం ఉంది. పైన తేదీ చోట మాత్రం ఖాళీ.

అప్పుడేం చేశాడో చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. నోరు తెరిచి నిజం చెప్పాల్సిన చోట, ఆ మనిషి తన చెవి మీంచి పెన్సిలు తీశాడు.

“తేదీ వదిలేశావక్కా.”

“అవునా? శనివారం ఇద్దామనుకుంటున్నా. ఆ తేదీ వేసి పెట్టు.”

వేశాడు. గుండ్రటి అంకెలతో, చక్కగా. కాగితం ఆవిడ చేతికిచ్చి, షెడ్డు బయటికి వచ్చి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తన చెయ్యిని తనే చూసుకున్నాడు. దాన్ని ఎక్కడైనా వదిలేసి ఇంటికి పోగలిగితే పోదుననిపించింది.

ఆ సాయంత్రం బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూలబడి భార్యకి అంతా చెప్పాడు. సున్నాల సంగతి, ఆరు గొట్టాల సంగతి, చివరికి తేదీ సంగతి కూడా. ఆవిడ ఓదారుస్తుందనుకున్నాడు కాబోలు. ఆవిడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఆవిడ కళ్ళు బాగానే ఉన్నాయని మీకు తెలుసు. ఆవిడకి తెలీదు. నాకు చెప్పి ఏం లాభమండీ?”

“మేనేజరు ఏమంటాడో…”

“ఆయనేమన్నా అననీయండి. ఒక మనిషి చూపున్న కళ్ళు పెట్టుకుని చెల్లెలి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతోంది. మీకు మీ పరువు అడ్డమొస్తోందా?”

ఆ మాట బాబాయికి సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. గురువారం పొద్దంతా గదిలో తలుపు వేసుకుని కొత్త పట్టిక గీశాడు. ఈసారి స్థానాలు లేవు, పనికిరానివి ఎన్నో ఆ లెక్కే. ఐసక్క వరుసలో ఆ రెండు గళ్ళూ వచ్చాయి. పెన్సిలు పట్టుకున్న చెయ్యి అలవాటు చొప్పున దాని మీదికి పోయింది. లాక్కున్నాడు. రెండు గళ్ళూ ఖాళీగా వదిలేశాడు. ఆవిడ మొత్తాన్ని పదితోనే భాగించాడు. అడుగున తన సంతకం పెట్టి, ‘పాత పట్టిక తప్పు. తప్పు నాది’ అని రాశాడు.

శుక్రవారం ఉదయం మేనేజరు ముందు పెట్టాడు.

“ఇదేమిటి బాబాయ్ గారూ? లెక్క తప్పా? మీరా?” అన్నాడు మేనేజరు.

“కూడిక తప్పలేదు సార్. కూడకూడనివి కూడేశాను. లేని నెలల్ని ఉన్నట్టు లెక్కేశాను.”

“ఇప్పుడిది బయటపెడితే నా మాట ఏం కావాలి? ఆర్డరు మీద సంతకం నాది.”

“పట్టిక నాది సార్. బోర్డు మీద నా పేరుతోనే అంటించండి. గది కూడా వద్దు, నా బల్ల మళ్ళీ హాల్లోకి వేయించండి. ఆవిడ్ని మాత్రం వెనక్కి పిలవండి. రేపు కాగితం ఇచ్చేస్తుంది.”

మేనేజరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కుర్రాడే కానీ మూర్ఖుడు కాడు. నెలకి ఆరుకీ పద్నాలుగుకీ మధ్య ఎన్ని గొట్టాలు పాడవుతాయో అతనికీ తెలుసు. కాసేపు విసుక్కుని, చివరికి సరేనన్నాడు. రేడియో షెడ్డుకి వెళ్ళాలి. ఆ కబురు చెప్పడానికి బాబాయి మళ్ళీ వెనకాడాడు, ఒకరి కడుపు మీద కొట్టి ఇంకొకరిని నిలబెడుతున్నానా అని. రేడియో మాత్రం ఎగిరి గంతేశాడు.

“షెడ్డులో పనిచేస్తూ మాట్లాడుకోవచ్చటగా? ఇన్నాళ్ళూ ఈ గీతల దగ్గర ఊపిరి బిగబట్టి చచ్చాను. ముందే పంపుంటే నీ సొమ్మేం పోయేది బాబాయ్!”

ఇక మిగిలింది ఐసక్క. ఈసారి కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళలేదు, ఆగితే మళ్ళీ వెళ్ళలేనని భయపడి గబగబా వెళ్ళాడు. ముక్కాలి పీట ముందు నేల మీదే కూర్చుని, కొత్త పట్టిక ఆవిడ ఒళ్ళో పెట్టి, మొదటినుంచీ చెప్పాడు. తేదీ వేసిన రోజుకే తనకి అంతా తెలుసన్న సంగతి కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

దూది ఉండ ఆవిడ చేతిలోనే నలిగిపోయింది.

“అయితే ఆపరేషను?”

“బాగానే అయిందక్కా. నీ కళ్ళు బాగున్నాయి. ఏడుగురిలో నీ పనే మంచిది.”

“నాలుగు నెలలు తమ్ముడూ,” అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. చేసుంటే బాగుండేది. “నాలుగు నెలలు గుడ్డిదాన్ననుకుని బతికాను. ఆ డాక్టరుని రోజూ తిట్టుకున్నాను. సున్నా గురించి నీకు చెప్పింది నేనేగా? నేను లేని నెలని లేదని వదిలెయ్యాలి. సున్నా అని రాస్తే నేనక్కడ కూర్చుని ఏమీ చెయ్యలేకపోయానని కాదూ?”

“అవునక్కా.”

“మరి బుధవారం ఎందుకు చెప్పలేదు?”

బాబాయి నేల మీద రాలిన దూది ఏరుతూ ఉండిపోయాడు. ఆవిడ ఆ ఉత్తరాన్ని కొంగు ముడిలోంచి తీసి, అతను వేసిన తేదీ వైపు ఒకసారి చూసి, నాలుగు ముక్కలు చేసి అట్టముక్కల బుట్టలో పడేసింది. క్షమించాననీ అనలేదు, క్షమించననీ అనలేదు. పీట మీంచి లేస్తూ కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకుంది.

సోమవారం మంచు దిమ్మలు వచ్చేసరికి గోనెసంచి పట్టుకుని ఐసక్క సిద్ధంగా ఉంది. రేడియోది పోగా మిగిలిన ఆరు తొట్లకీ మంచు పంచి, ఐదో బల్ల దగ్గర కూర్చుంది. సిరాపుల్లలూ భూతద్దమూ ఎవరూ కదపలేదు, ఉన్నచోటే ఉన్నాయి. బాబాయి పాత బల్లని మళ్ళీ హాల్లో, ఆవిడకి నాలుగడుగుల దూరంలో వేశారు. అద్దాల గదిలోకి యంత్రం తాలూకు పెట్టెలు చేరాయి. మెరుపు వచ్చి బాబాయి భుజం తట్టి, “పోనీలే బాబాయ్, అంతా సర్దుకుంది,” అన్నాడు. బాబాయికి కూడా ఒక గంటపాటు అలాగే అనిపించింది.

పదిన్నరకి ఐసక్క మొదటి గొట్టం మంచులోంచి తీసి, గీత పెట్టింది. పెట్టాక తొట్టి పక్కన ఉంచలేదు. కిటికీకేసి ఎత్తి చూసింది. దించింది. భూతద్దం పెట్టి మళ్ళీ చూసింది. హాల్లో అందరి గీతలూ సరిచూసిన మనిషి, ఇరవయ్యారేళ్ళలో ఒక్కర్నీ అడగని మనిషి, కుర్చీలో వెనక్కి తిరిగింది.

“తమ్ముడూ, ఒకసారి ఇటొచ్చి చూడవూ? గీత సరిగ్గా పడిందంటావా?”

బాబాయి లేచి వెళ్ళి వంగి చూశాడు. ఎర్రగీత కొసన, వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా, సున్నా.

“సరిగ్గానే ఉందక్కా.”

“నిజంగానేనా? నా మొహం చూసి చెప్పడం లేదుగా?”

“నిజంగానే అక్కా.”

ఆవిడ తల ఊపి, ఆ గొట్టం పక్కన పెట్టి, రెండోది అందుకుంది. గీత పెట్టింది, వెలుతురుకేసి ఎత్తింది, మళ్ళీ వెనక్కి తిరిగింది. ఆ రోజు అలా నలభై ఒక్కసార్లు తిరిగింది. బాబాయి లెక్కపెట్టాడు. కానీ ఏ పట్టికలోనూ రాయలేదు.